లెక్క కాయ

సోంపేట డయాలిసిస్ గదిలో ఎనిమిది మంచాలు.
మూలన, మందుల ఫ్రిజ్ పక్కన
నేను అమ్మిన కంప్యూటర్.
బిల్లు మీద సంతకం నాదే,
బేరమాడి తగ్గించిన పదకొండు వేలూ నా చేతిరాతే.

ఆ మంగళవారం
దున్న తవిటమ్మ త్రాసెక్కింది. నలభై ఎనిమిదిన్నర.
ఉండాల్సిన బరువు నలభై ఆరు.
తెర మీద మాత్రం అరవై రెండు.
తీయాల్సిన నీరు: సున్నా.

తెరకి సిగ్గుండదు.
తప్పు అంకె కూడా
ఒప్పు అంకంత తెల్లగానే వెలుగుతుంది.

గొట్టాలు కడిగే దండాసి
ఆవిడ చీలమండ మీద బొటనవేలు నొక్కి తీశాడు.
గుంట పడింది. పూడలేదు.
"సార్, ఈ కాలు ఇంకోలాగ సెప్తంది."
ఆవిడ నవ్వింది.
"నాను పెళ్లినాడు కూడా అరవై తూగనేదు బాబూ."

రాత్రి షాపు మూశాక సిగరెట్టు పెట్టె మీద రాసి చూశాను.
నలభై ఆరంటే
ఒకటి, సున్నా, ఒకటి, ఒకటి, ఒకటి, సున్నా.
ముందున్న ఆ సున్నా ఒకటైతే అరవై రెండు.
చీమ కాలు పట్టని చోట
పిసరంత విద్యుత్తు ఒలికితే
మనిషికి పదహారు కేజీలు.

ఆకాశంలోంచి ఏదో రేణువు వచ్చి తగిలిందో,
మే నెల వేడికి చిప్పు సొమ్మసిల్లిందో,
కీబోర్డు దగ్గరి అమ్మాయి పక్క వరస చూసి కొట్టిందో
చెప్పలేను. ప్రమాణం చేయలేను.
ఆ మెమరీకి తాను తప్పిన సంగతే తెలీదు.
నాకు నిద్ర పట్టనిది అక్కడ.

ట్రస్టు లెక్కలు చూసే లోకనాథం గారు
అడగాల్సినవే అడిగారు.
"ఏడాదికి ఎన్నిసార్లు తప్పుతుందయ్యా?"
తెలీదండి. తెలుసుకునే దారి ఇందులో లేదు.
"తప్పులు దిద్దే రకం కొంటే?"
ఒక్క బిట్టు తప్పితే దిద్దుతుంది.
రెండు తప్పితే దిద్దలేక, అరుస్తుంది.
మూడు తప్పితే ఒక్కోసారి దానికీ తెలీదు.
"మనిషే తప్పు కొడితే?"
ఆ తప్పుని భద్రంగా దాస్తుంది.
"దానికోసం బోర్డు మార్చి, ప్రాసెసర్ మార్చి, ముప్పై వేలు!
ఆ డబ్బుకి ఫిల్టర్లు ఎన్నొస్తాయో తెలుసా?"
తెలుసు.
సినిమాలు చూసుకునే పెట్టెకైతే
నేనూ వద్దనే చెప్తానండి, అన్నాను.
ఇంకేం చెప్పాలో తోచలేదు.

కిటికీ అవతల ఆయన తోటలో కాయ దింపు.
బైరాగి చేతికి రెండు చొప్పున విసురుతూ, పాడుతున్నట్టు లెక్కపెడుతూ,
వంద కాగానే
ఒక కాయ తీసి పక్కన పెడుతున్నాడు.
మధ్యలో ఎవడో బీడీ అడిగాడు, ఎవడో బూతు జోకేశాడు,
నోట్లో లెక్క చెదిరింది.
పక్కనున్న కాయలు చెదరలేదు.

"ఆ కాయలు దండగ కదండీ," అన్నాను.
లోకనాథం గారు కళ్లద్దాలు తీసి
పంచె అంచుతో తుడిచి
మళ్లీ పెట్టుకున్నారు.
"పదకొండు వేలు నువ్వు వెనక్కియ్యి," అన్నారు,
"మిగతాది తోట చూసుకుంటది."

కొత్త కర్రకి ఒక వైపు
ఎనిమిది చిప్పులుండే చోట తొమ్మిది.
ఆ తొమ్మిదోది ఎవరి పేరూ, ఎవరి బరువూ మోయదు.
మిగతా ఎనిమిదింటి మాట నిజమా అని
ఊరికే అడుగుతూ ఉంటుంది.

నాలుగు నెలలు ఏమీ లేదు.
ముప్పై వేలు బుగ్గిలో పోశానని
నాకే అనుమానం.
ఐదో నెల, గాలివాన రాత్రి,
జనరేటర్ మీద నడుస్తుండగా, రెండూ నలభైకి
లాగ్‌లో ఒకే ఒక్క వరస:
ఒక బిట్టు తప్పింది. దిద్దబడింది.

ఎవరి అంకో తెలీదు.
ఎవరి నీరో తెలీదు.
తెల్లారి మంచాలన్నీ మామూలుగానే నిండాయి,
టీ మామూలుగానే చల్లారింది.

గురువారం తవిటమ్మ త్రాసెక్కింది.
తెర సరిగ్గానే చెప్పింది, నలభై ఆరు.
దండాసి అయినా వంగి
చీలమండ మీద బొటనవేలు పెట్టాడు.

మానెయ్యమని నేను చెప్పలేదు.